నాన్న చేసిన తర్జుమా

మా ఊరొస్తే మా ఇంటికి తప్పకుండా రావాలని నాన్న అందరితోనూ అంటాడు. రైల్లో ఎదురు సీటు వాళ్ళతో, బ్యాంకులో టోకెన్ పట్టుకుని పక్కన కూర్చున్నవాళ్ళతో, ఒకసారి బండికి చలానా రాసిన కానిస్టేబుల్‌తో కూడా అన్నాడు. అనడం ఆయనకు అలవాటు. రాకపోవడం వాళ్ళకు అలవాటు. అందువల్ల ఇన్నేళ్ళూ మా ఇంటికి ఏ ఇబ్బందీ కలగలేదు. పోయిన చలికాలంలో బెల్జియం నుంచి ఇద్దరు వృద్ధ దంపతులు ఆ మాట నమ్మి నిజంగానే వచ్చారు.

నాన్న సైన్యంలో మతబోధకుడిగా చేసి సుబేదారుగా రిటైరయ్యాడు. ఒక్కో మతానికి ఒక్కో బోధకుడు ఉండాలన్నది కాగితం మీది లెక్క. మారుమూల పోస్టుల్లో మాత్రం ఎవరుంటే వాళ్ళే అన్నీ చేయాలి. పాదరీగా చేరిన నాన్న హోలీకి రంగులు తెప్పించాడు, సిక్కుల గురుపర్వానికి లంగర్ దగ్గర నిలబడి రొట్టెలు పంచాడు, ఏ మతం జవాను పోతే ఆ మతం ప్రార్థన చదివాడు. పాత సహోద్యోగులు ఆయన్ని ఇప్పటికీ పాదరీ సాబ్ అంటారు. బోడుప్పల్‌లో ఆదివారం ఆయన వాక్యం చెప్పే ప్రార్థన మందిరం వాళ్ళు అయ్యగారు అంటారు. నేను డాడీ అంటాను. ఆ చలికాలంలో ఒకటి రెండు రోజులు అదీ అనలేదు.

మొదటి ప్రపంచయుద్ధంలో బెల్జియంలో పోరాడి చనిపోయిన భారతీయ సైనికుల సమాధులు అక్కడ ఇంకా ఉన్నాయి. సర్వీసు చివరి సంవత్సరాల్లో సంస్మరణ కోసం వెళ్ళిన దళంతో ప్రార్థనలకని నాన్నను కూడా పంపారు. సమాధుల మీద పూలు పెట్టడానికి వచ్చిన ఊరివాళ్ళలో ఈ దంపతులు ఉన్నారు. ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చారు. ఇద్దరూ యూదులు. నాజీలు యూదులను వెతికి వెతికి పట్టుకుపోయి చంపిన ఆ సంవత్సరాల్లో చిన్నపిల్లలుగా దాక్కుని బతికి బయటపడ్డవాళ్ళు. ఆమె తన సంగతి నాన్నకు చెప్పింది. భర్త తన సంగతి చెప్పలేదు, ఎవరికీ చెప్పడట. నాన్న ఆమె కథ విని, మా ఇంటికి తప్పకుండా రావాలని చెప్పి తిరిగొచ్చాడు.

ఆ కథ అప్పటి నుంచి ఆయన ప్రసంగాల్లో భాగమైపోయింది. నేను కాలేజీలో ఉన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అటక మీద దాగిన పసిపాప, మెట్ల మీద సైనికుల బూట్ల చప్పుడు, అప్పుడు దేవుడు ఆ పాపకు గాఢనిద్ర కలిగించాడు, ఆమె ఊపిరి కూడా వినపడలేదు, శత్రువు వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆ చోట నాన్న గొంతు తగ్గించి ఆగేవాడు. జనం స్తోత్రం అనేవాళ్ళు. నేనూ అన్నాను. కథ నిజమా కాదా అని అడగాలని నాకు ఎప్పుడూ తోచలేదు. అసలు మనిషి వచ్చి చెబుతుందని అనుకోలేదు కదా.

నేను నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న యూనిట్‌లో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. లేత్ మీద తీసిన ముక్కలను మైక్రోమీటర్‌తో కొలిచి రాయడం నా పని. రీడింగ్ ఎంత వస్తే అంత రాయాలి. ఎంత రావాలో అంత రాస్తే ఉద్యోగం ఉండదు. అతిథుల రాక ఖాయమయ్యాక ఇంటిని కూడా అలాగే చూశాను. బాత్రూమ్ గోడకు స్టీల్ పట్టీ బిగించాను. మేడ మెట్లలో ఒకటి మిగతావాటికన్నా ఎత్తు ఉంటే సిమెంటుతో సరిచేయించాను. దోమతెర, నీళ్ళ క్యాన్లు, దగ్గర్లో గుండె డాక్టరు ఎవరున్నారు, ఏ వీధిలో కుక్కలు ఎక్కువ, కూరలో కారం ఎంత. ఎదురింటి గేటు మీద స్వస్తిక్ ఉందని, అది చూస్తే ఆమె కూలిపోతుందని మా బంధువుల్లో చదువుకున్న ఒకాయన ఫోన్ చేసి మరీ హెచ్చరించాడు. దాని గురించి నేను చాలా మథనపడ్డాను. వచ్చిన రోజే ఆమె దాన్ని చూసింది. ఢిల్లీలో ఎక్కిన ప్రతి ట్యాక్సీలోనూ ఉందని, అది మీది, నాజీలకు ముందు నుంచీ మీదేనని తనకు తెలుసని చెప్పి, ఆ ఇంట్లో కుక్క ఉందా అని అడిగింది.

నేను జాగ్రత్తపడ్డ ఏ సంగతిలోనూ ఇబ్బంది రాలేదు. ఇబ్బంది నాన్నతో వచ్చింది. నా జాగ్రత్తల్లో ఆయన లేడు.

ఆమెకు ఎనభై ఏడేళ్ళు. పొట్టి మనిషి, గట్టిగా నడుస్తుంది. భర్త ఆమెకన్నా రెండేళ్ళు చిన్న, ఒకప్పుడు లిఫ్టులు మరమ్మతు చేసేవాడు. మా కాలనీలో ప్రతి అపార్టుమెంటు లిఫ్టు ముందూ ఆగి మూతి విరిచేవాడు. అమ్మ వాళ్ళతో తెలుగులోనే మాట్లాడేది. జర తినుండ్రి, ఇంకో పుల్క ఏసుకోండ్రి అనేది. వాళ్ళు అర్థమైనట్టే తినేవాళ్ళు.

వచ్చిన మొదటి సాయంత్రం, నాన్న ఎవరింటికో ప్రార్థనకు వెళ్ళినప్పుడు, అమ్మ నా ద్వారా ఆమెను అడిగింది. అయ్యగారు చెప్పే కథ మేము వింటూనే ఉన్నాం, మీ నోట ఒకసారి వినొచ్చా అని. ఆమె చేతులు బల్ల మీద పెట్టుకుని చెప్పింది. ఆ తర్వాత ఎక్కడ చెప్పినా అవే మాటలు, అదే వరుస.

"మేమిద్దరం అక్కాచెల్లెళ్ళం. నాకు ఐదేళ్ళు, అక్కకు పదకొండు. బట్టలుతికే దుకాణం పైన అటకలో మమ్మల్ని దాచారు. పగలు నడవకూడదు, మాట్లాడకూడదు. నీళ్ళు కింది నుంచి తెచ్చుకోవాలి. ఒక మధ్యాహ్నం నేను నిద్రపోతున్నాను. అక్క నీళ్ళకు కిందికి వెళ్ళింది. తిరిగి రాలేదు. నేను నిద్రలో ఉన్నాను కాబట్టి ఇప్పుడు ఇక్కడున్నాను. అంతే."

నేను తెలుగులో చెప్పడం పూర్తిచేసేసరికి అమ్మ నా వైపు చూస్తోంది. బూట్ల చప్పుడు లేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయిన శత్రువు లేడు. ముఖ్యంగా, మేము విన్న కథలో అక్క లేదు. ఇన్నేళ్ళ ప్రసంగాల్లో నాన్న అక్క గురించి ఒక్క మాట చెప్పలేదు.

తర్వాత ఆమె నన్ను ఒకటి కోరింది. గురువారం నాచారంలో ఒక హాలులో, ఆదివారం బోడుప్పల్ మందిరంలో తను మాట్లాడాలని నాన్న ఏర్పాట్లు చేశాడు. తను ఒప్పుకుంది. కానీ చెప్పేది చాలా చిన్నది, దాన్ని చెప్పినట్టే చెప్పాలి. "నేను పోయాక మా అక్కను ఎరిగినవాళ్ళు ఇంకెవరూ ఉండరు. చెప్పగలిగినన్ని సార్లు కూడా నాకు ఎక్కువ మిగల్లేదు. తప్పుగా చెప్పడం కన్నా చెప్పకపోవడం మేలు." నాన్నకు చెబుతానని మాటిచ్చాను. చెప్పాను కూడా. షూ పాలిష్ చేసుకుంటున్న మనిషి తల ఎత్తకుండా సరే సరే అన్నాడు.

గురువారం హాలు గేటుకు కట్టిన ఫ్లెక్సీ చూసినప్పుడే నాకు సగం అర్థమైంది. నాన్న శిష్యుడొకడు సొంత ఖర్చుతో వేయించాడట. అంచుల నిండా మంటలు, మధ్యలో ఆమె ఫొటో, కింద పెద్ద అక్షరాల్లో మృత్యువును జయించిన సోదరి అద్భుత సాక్ష్యం అని రాసి ఉంది. ఏం రాశారని ఆమె అడిగింది. మీ పేరు, సభ వేళ అన్నాను. ఆ నిమిషానికి అంతకన్నా దారి దొరకలేదు.

తెలుగు క్రైస్తవ సభలకు వెళ్ళనివాళ్ళ కోసం ఒక సంగతి చెప్పాలి. పరదేశం నుంచి ఎవరైనా వచ్చి మాట్లాడితే పక్కన తర్జుమా చేసేవాడు నిలబడతాడు. ఆయన ఒక వాక్యం, ఈయన ఒక వాక్యం. ఇది మామూలు అనువాదం కాదు. వక్త చేయి ఎత్తితే ఇతనూ ఎత్తాలి, వక్త గొంతు పెంచితే ఇతను ఇంకాస్త పెంచాలి. మంచి తర్జుమా అంటే వక్త మర్చిపోయిన ఆవేశాన్ని కూడా తనే పూరించేది. వెనక కీబోర్డు మీద సన్నగా రాగం నడుస్తూ ఉంటుంది. ఇక సాక్ష్యం అనేదానికి ఒక నడక ఉంది. కష్టం వచ్చింది, ప్రార్థించాను, దేవుడు విడిపించాడు. వినడానికి వచ్చినవాళ్ళకు ఆ మూడో మెట్టు కావాలి. నాన్న ఈ పనిలో ఆరితేరినవాడు. చుట్టుపక్కల మందిరాల వాళ్ళు తర్జుమాకు ఆయన్నే పిలుస్తారు.

ఆమె చేతులు కదపకుండా, గొంతు పెంచకుండా మాట్లాడింది. నాకు ఐదేళ్ళు అంది. నాన్న ఐదేళ్ళ పసిగుడ్డు అని మొదలుపెట్టి లోకమెరుగని ఆ వయసు గురించి చాలాసేపు చెప్పాడు. ఆమె తల తిప్పి ఆయన ముగించేదాకా వేచి చూసింది. నేను నిద్రపోతున్నాను అంది. ఇక గాఢనిద్ర వచ్చేసింది. బూట్లు మెట్లెక్కాయి. కీబోర్డు జోరందుకుంది. అక్క తిరిగి రాలేదు అని ఆమె అన్నప్పుడు నాన్న తడబడ్డాడు. నేను చూశాను, ఒక్క క్షణం ఆగాడు. ఆ వెంటనే, ఆ గడియలో దేవుని చెయ్యి ఈ బిడ్డను కప్పింది, అందుకే ఈ రోజు మన ముందు నిలబడింది అన్నాడు. హాలంతా చప్పట్లు.

ఆ తర్వాత జనం ఆమె చుట్టూ మూగారు. పిల్లల తలల మీద చెయ్యి పెట్టమన్నారు. ఒకతను పాస్‌పోర్టు తెచ్చి వీసా కోసం ప్రార్థన చేయమని పట్టుకున్నాడు. వీళ్ళు నన్నేం చేయమంటున్నారు అని ఆమె నన్ను అడిగింది. భర్త చెవిలోంచి వినికిడి మిషన్ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున ఉప్మా తింటూ ఆమె అడగాల్సింది అడిగింది. "మా అక్క సంగతి చెప్పినప్పుడు వాళ్ళు చప్పట్లు ఎందుకు కొట్టారు?"

నాన్న పాలకని బయటికి వెళ్ళాడు. దాటవేయొచ్చు. ఫ్లెక్సీ దగ్గర అలాగే చేశాను. ఈసారి నాకు విసుగు వచ్చేసింది. నాన్న చెప్పిన ప్రతి వాక్యాన్నీ గుర్తున్నంతవరకు తిరిగి ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. ఆమె చెంచా పక్కన పెట్టి విన్నది. దేవుడు నిద్ర కలిగించాడన్న చోట ఆపింది.

"అయితే మా అక్కను మెలకువగా ఉంచింది ఎవరు?"

భర్త ఉప్మాలోంచి జీడిపప్పు ఏరుకుంటూ అన్నాడు, కోపం లేకుండా. తమ దేశంలో ఒక స్కూలు వాళ్ళు అక్కను వీరవనితను చేశారట, చెల్లెల్ని కాపాడటానికి తనే ఎదురెళ్ళిందని రాశారట. ఇంకొకాయన ఆ అటక కథతో క్షమాగుణం గురించి ఉపన్యాసం ఇచ్చాడట. "ఈమె చెప్పేది గుప్పెడు మాటలు. వాటికి ప్రతివాళ్ళూ ఏదో ఒకటి కలుపుతారు. ఖాళీగా ఉంచడం ఎవరివల్లా కాదు."

ఆదివారం తను మాట్లాడాలంటే నేను తర్జుమా చేయాలని, లేకపోతే మాట్లాడనని ఆమె తేల్చి చెప్పింది. ఆ మాట నాన్నకు చెప్పడం నా వంతు.

చెప్పాను. పాల గిన్నె స్టవ్ మీద పెట్టి వింటున్న అమ్మ కూడా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నాన్న కోప్పడతాడనుకున్నాను. ఆయన నొచ్చుకున్నాడు. అది ఇంకా చిరాకు.

"నేను అబద్ధం చెప్పిన్నా?" అన్నాడు.

"చెప్పినవ్ డాడీ. ఆమె అనని మాటలు చెప్పినవ్. ఆమె అన్నది మింగినవ్."

"నీకు ఎంతసేపూ స్కేలు పెట్టి కొలుసుడే తెల్సు. ముంగట కూసున్నోల్లు ఎవరు? పొద్దంత కంపెనీల నిలబడి వచ్చినోల్లు. ఒగలకు కొడుకు తాగుతడు, ఒగలకు బీమారి. గసుమంటోల్లకు ఏ కారణం లేదు, ఉత్తగనే ఒగలు బతికిన్రు ఒగలు పోయిన్రు అని చెప్పి ఇంటికి పంపాల్నా?"

"ఆమె అదే చెప్పింది గదా."

"పోస్టుల పిల్లగాడు పోతే వాని దోస్తులు ఇరవై ఏండ్లోల్లు నా ముంగట కూసునేది. నేను మాట్లాడుడు అయిపోయినంక వాల్లు లేసి మల్ల గదే డ్యూటీకి పోవాలె. నా పని గది. లేపి నిలబెట్టుడు. సగంల ఇడిసిపెట్టి రాలే ఎన్నడూ."

ఆయన మాటలో అర్థం ఉంది. ఉన్నందుకే నాకు ఇంకా కోపం వచ్చింది. ఇది పోస్టు కాదు, ఆమె కథ నీది కాదు, పదేళ్ళుగా అక్కను కథలోంచి తీసేసి చెప్పావు అన్నాను. అమ్మ మధ్యలోకి వచ్చింది. "ఆమె మాట ఆమెది. ఆమె బతుకు ఆమెది. మీ తండ్రికొడుకులకు ఏంది లొల్లి? ఆమె ఎట్ల చెప్పుమంటే అట్ల చెప్పుండ్రి" అని స్టవ్ ఆపి లోపలికి వెళ్ళిపోయింది. నాన్న నువ్వే చెయ్యి పో అన్నాడు. ఆ పో తర్వాత శనివారమంతా మా మధ్య ఇంకో మాట లేదు. ఇంట్లో అతిథులను పెట్టుకుని మాట్లాడుకోకుండా ఉండటం ఎంత కష్టమో, ఉప్పు డబ్బా కూడా అమ్మ ద్వారా అడగాల్సి వచ్చినప్పుడు తెలిసింది.

ఆదివారం ఉప్పల్ రింగురోడ్డు దాటి వరంగల్ రోడ్డెక్కాక ఎప్పటిలాగే పిల్లర్ల మధ్య ఇరుక్కున్నాం. ఫ్లైఓవర్ ఎప్పుడు పూర్తవుతుందని లిఫ్టుల పెద్దాయన అడిగాడు. నేనూ నాన్నా ఒకేసారి తెలియదన్నాం, ఆ రోజుకు మేం కలిసి అన్న మాట అదొక్కటే.

బోడుప్పల్ మందిరంలో గురువారంనాటి ఫ్లెక్సీనే తెచ్చి కట్టారు. నేను దాన్ని విప్పి చుట్టేసి చెప్పుల స్టాండు వెనక పెట్టాను. కీబోర్డు వాయించే ఆయనకు ఈ రోజు వద్దని చెప్పాను. "మొత్తానికే వద్దా తమ్మీ? ఉత్తగుంటే మంచిగుండదు" అన్నాడు. మొత్తానికే వద్దన్నాను. నాన్న మొదటి వరుసలో, మామూలుగా ముఖ్య అతిథులు కూర్చునే కుర్చీలో, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. జనం మైకు దగ్గర నన్ను చూసి ఆయన వైపు చూశారు.

ఆమె ఒక వాక్యం చెప్పింది. నేను ఒక వాక్యం చెప్పాను. నా గొంతు ఎంత చప్పగా ఉందో స్పీకర్లలో నాకే వినిపించింది. అటక, నీళ్ళు, పగలు నడవకూడదు. ఫ్యాన్ల చప్పుడు, ఎక్కడో ఒక దగ్గు. ఇదే కథను బూట్ల చప్పుడుతో విన్నవాళ్ళు ఇందులో దేనికోసమో ఎదురుచూస్తున్నారు. అది రాదు. వెనక వరుసలో ఒకాయన ఫోన్ తీశాడు. నేను పట్టించుకోలేదు. రీడింగ్ సరిగ్గా ఉంది, అంతవరకే నా బాధ్యత అనుకున్నాను.

"అక్క నీళ్ళకు కిందికి వెళ్ళింది. తిరిగి రాలేదు" అని ఆమె ఇంగ్లీషులో అంది.

"అక్క నీళ్ళ కోసం కిందికి వెళ్ళి చనిపోయింది" అన్నాను.

మొదటి వరుసలో కుర్చీ కదిలింది. నాన్న లేచి నిలబడ్డాడు. "ఆగు. ఆమె చనిపోయింది అనలే. తిరిగి రాలే అన్నది."

అందరి ముందు. "రెండూ ఒకటే గదా డాడీ" అన్నాను. మైకు చేతిలోనే ఉంది కాబట్టి అది కూడా స్పీకర్లలో వెళ్ళింది.

"ఒకటి కాదు. సర్వీసుల ఉన్నప్పుడు, మనిషి దొరకని ఇంటికి నేను పోయిన. వాల్ల ముంగట చనిపోయిండు అని అనకూడదు. వాల్లు అననిదాకా మనం అనకూడదు."

ఏమైందని ఆమె అడిగింది. నాకు చెప్పక తప్పలేదు. నేనేమన్నానో, మా నాన్న ఏం సరిచేశాడో రెండూ చెప్పాను. ఆమె నా వైపు కాకుండా నాన్న వైపు చూసింది. ఆమె అక్క చనిపోయిందన్న మాట వాళ్ళింట్లో ఎవరూ అనలేదట. యుద్ధం అయ్యాక తిరిగొచ్చిన వాళ్ళ అమ్మ అననివ్వలేదట. అందరూ పోయి తనొక్కతే మిగిలాక కూడా తనకు ఆ మాట రాలేదట.

నేను మైకులో సరిచేసి చెప్పాను. చనిపోయింది కాదు, తిరిగి రాలేదు. నేను నిద్రలో ఉన్నాను కాబట్టి ఇక్కడున్నాను. అంతే.

ఎవరూ ఆమెన్ అనలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను కోరుకున్నది అదే, కానీ ఆ నిశ్శబ్దంలో ఆమె పక్కన నిలబడటం చాలా ఇబ్బందిగా ఉంది. అప్పుడు ఆడవాళ్ళ వైపు చివర కూర్చున్న ఒకావిడ, యాభై దాటి ఉంటాయి, కూర్చున్నచోటి నుంచే అడిగింది.

"మరి దేవులాడలేదా అక్కను?"

వెతకలేదా అని అడుగుతున్నారని ఆమెకు చెప్పాను. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరైనా అడిగారో లేదో నాకు తెలియదు. ఆమె మాత్రం కుర్చీ కావాలంది. కూర్చుని మొదలుపెట్టింది, ఈసారి వరుస లేకుండా. అమ్మా తనూ స్టేషనులో అక్క ఫొటో అట్టకు అంటించి పట్టుకుని నిలబడేవాళ్ళు. వచ్చే ప్రతి రైలుకూ. తర్వాత ఆఫీసుల చుట్టూ, పత్రికల చుట్టూ. ఇరవై ఏళ్ళప్పుడు ఒక ఊళ్ళో అదే పేరు గలామె ఉందని విని వెళ్ళింది, ఆమె తలుపు తీసి ఏడ్చింది, ఆమె కూడా వేరెవరికోసమో ఎదురుచూస్తోంది. ఒకసారి ట్రామ్‌లో ఒకామె స్కార్ఫ్ కట్టుకున్న తీరు చూసి ఆఖరి స్టాపు దాకా వెంట వెళ్ళింది. నేను వాక్యం వెంట వాక్యం చెబుతూ పోయాను. కొన్నిచోట్ల మాట తట్టక ఆగితే నాన్న కింది నుంచి అందించాడు. నేను తీసుకున్నాను.

"మొదట్లో అమ్మాయిలను చూసేదాన్ని" అంది ఆమె. "తర్వాత ఆడవాళ్ళను చూసేదాన్ని. ఇప్పుడు నాకన్నా పెద్దవాళ్ళను చూస్తాను. అక్కకు తొంభై మూడేళ్ళు ఉండాలి. పొద్దున మీరు లోపలికి వస్తున్నప్పుడు కూడా చూశాను."

నేను అది తెలుగులో చెప్పడం పూర్తికాగానే ప్రశ్న అడిగినావిడ తలూపింది. "అవు, సూస్తం" అంది. "మా తమ్ముడు బొంబాయి పోతా అని పోయిండు. నేను గూడ బస్టాండుల మొఖాలు సూస్త." అది నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆ తర్వాత వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు, మధ్యలో నేను. తమ్ముడు ఏ రంగు చొక్కా వేసుకున్నాడు, ఇప్పుడు ఎన్నేళ్ళుంటాయి, అమ్మకు ఎలా చెప్పారు. బయట భోజనాలు సిద్ధమై ఉన్నా ఎవరూ లేవలేదు.

వాళ్ళు వెళ్ళిపోయిన తర్వాతి ఆదివారం నాన్న మళ్ళీ ఆ కథ చెప్పాడు. నేను కావాలనే వెళ్ళి వెనక కూర్చున్నాను. ఏమైనా కలిపితే చెప్పమని విమానాశ్రయంలో ఆమె నాకు అప్పజెప్పి వెళ్ళింది మరి. బూట్లు లేవు. గాఢనిద్ర లేదు. అక్క ఉంది, నీళ్ళు ఉన్నాయి, తిరిగి రాలేదు అని కూడా ఉంది. హమ్మయ్య అనుకుంటున్నాను. అప్పుడు ఆయన, ఉన్నదున్నట్టు వదిలేయలేక, కళ్ళు మూసుకోమన్నాడు. ఆ అక్క ఎక్కడున్నా దొరకాలని, బొంబాయి పోయిన తమ్ముడు దొరకాలని ప్రార్థన చేద్దామన్నాడు. తొంభై మూడేళ్ళ మనిషి కోసం, ఎనభై ఏళ్ళ కిందట నీళ్ళకు వెళ్ళిన పదకొండేళ్ళ పిల్ల కోసం, బోడుప్పల్‌లో జనమంతా కళ్ళు మూసుకుని ప్రార్థించారు. నేను కళ్ళు తెరిచే ఉన్నాను. ఇది ఏ లెక్కలో రాయాలో నాకు తెలియలేదు.

ఒప్పుకున్న పని కాబట్టి ఆ సాయంత్రమే అంతా మాట పొల్లుపోకుండా ఇంగ్లీషులో రాసి ఆమెకు మెసేజ్ పంపాను. చివర్లో ఇది మీరు అన్నది కాదు, తీసేయమని నాన్నకు చెప్పనా అని అడిగాను. రెండు రోజులకు జవాబు వచ్చింది. మిగతావేవీ మళ్ళీ చేర్చవద్దని, ఆ ఒక్కటి ఉండనివ్వమని.

నాన్నకు చదివి వినిపించాను. "నేను చెప్పలే?" అన్నాడు. ఏం చెప్పాడో, ఎప్పుడు చెప్పాడో నాకు తెలియదు. గురువారం చేసింది తప్పని మాత్రం ఆయన ఇప్పటికీ ఒప్పుకోలేదు.